ఒక్కరికే చెప్పే ఆట

ఆమె పోయిందన్న మాట విన్నప్పుడు నేను మనసులో అమ్మయ్య అనుకున్నాను. ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు, ఇక్కడ రాస్తున్నాను. ఏడుపు తర్వాత వచ్చింది. అదీ ఆమె ఇంటి ముందర రాలేదు. మూడు రోజులు పోయాక వేలూరు సత్తువాచారి బస్టాపులో చెనక్కాయల పొట్లం విప్పి ఒక కాయ వలిచాను. గింజ నోట్లో వేసుకోకుండా అట్లాగే పట్టుకుని నిలబడిపోయాను. పక్కనున్న పెద్దాయన నా మొహం చూసి, "ఏమప్పా, పుచ్చుండాదా?" అని అడిగాడు. అవునన్నట్టు తల ఊపాను.

ఆమె నాకంటే ముప్పై ఏళ్ళు పెద్దది. గుడియాత్తంలో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. మాకు చుట్టం కాదు, మాకూ ఆమెకూ గట్టు తగాదా లేదు. అయినా మూడేళ్ళపాటు ఆమె మీద కుళ్ళుకున్నంతగా నేను లోకంలో ఇంకెవరి మీదా కుళ్ళుకోలేదు. కారణం చెబితే నవ్వుతారు. ఆమె నాకంటే బాగా ఆట ఆడించేది.

ఏ ఆట అంటే, మా ఇంటి బల్ల మీద నేను ఆదివారాలు ఆడించేదే. రోల్‌ప్లే ఆట. ఒకరు ఊరునూ అడవినీ అందులోని మనుషుల్నీ మాటలతో కడతారు. ఆయన్ని గేమ్ మాస్టర్ అంటారు. తక్కినవాళ్ళు తలా ఒక పాత్ర పట్టుకుని, నేను గోడ దూకుతాను అనో, నేను రాజుతో అబద్ధం చెబుతాను అనో అంటారు. దూకగలిగారా, కాలు విరిగిందా అన్నది పాచికలు తేలుస్తాయి. గెలవడం, ఓడడం ఉండదు. కథ సాగుతూ పోతుంది. మీసాలొచ్చిన మగవాళ్ళకు ఇదేం పిచ్చిరా అని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది.

ఆ పిచ్చిలో వేలూరులో నాకు కాస్త పేరుంది. కలెక్టరాఫీసులో పటాలు గీసే ఉద్యోగం నాది, కాబట్టి నా ఆటకు ఏడు రాజ్యాల పటాలున్నాయి. ఏ రాజు తాత ఎవరో, ఏ కోటకు ఎన్ని దిడ్డి తలుపులో రాసిన ఫైళ్ళున్నాయి. పదకొండు గొంతులు మార్చి మాట్లాడగలను. ముసలి మంత్రి గొంతు పెడితే మా వాళ్ళు బల్ల చరిచి నవ్వేవాళ్ళు. ఆ బల్ల చుట్టూ నలుగురు స్నేహితులు, ఐదో మనిషి కోమల. కోమల మా మేనమామ కూతురు, నా భార్య. చిన్నప్పటి నుంచీ మాట తక్కువ. మా ఆటలో వైద్యురాలి పాత్ర తీసుకుంది. ఎవరికైనా కత్తి తగిలితే "గాయం మాన్పుతాను" అనేది. రెండేళ్ళలో ఆమె నోట వచ్చిన మాట దాదాపు అదొక్కటే. తన స్వభావమే అంత అనుకున్నాను. తీరిగ్గా కూర్చుని నా కథ వింటోందని మురిసిపోయాను కూడా.

కోమల వేలూరులో ఒక మందుల షాపు కౌంటరులో పనిచేస్తుంది. పెద్దాసుపత్రికి నానా ఊళ్ళ నుంచి, నానా భాషల వాళ్ళు వస్తారు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని వేళ్ళతో చూపించి పంపడంతో ఆమెకు రోజు గడిచిపోయేది. ఒకరోజు బీపీ మాత్రల కోసం వచ్చిన ఒక పెద్దావిడ చీటీ ఇవ్వకుండా కోమల మొహం వైపే చూసిందట.

"మూడో బెంచీలో కిటికీ పక్క కూచుండే పిల్లవు గదా నువ్వు?"

కోమల గుడియాత్తం పిల్ల. ఎనిమిదో క్లాసులో ఆమె దగ్గర లెక్కలు చదివింది. అవునంది.

"బాగుండావా?" అని అడిగిందట టీచరమ్మ.

అందరూ అడిగే మాటే. కోమల అందరికీ చెప్పినట్టే తల ఊపింది. కానీ టీచరమ్మ అక్కడి నుంచి కదల్లేదు. చీటీ చేతిలోనే పెట్టుకుని, ఇంకా జవాబు రావాలన్నట్టు నిలబడింది. వెనక వరుస పెరిగింది. ఎవరో తమిళంలో గొణిగారు. ఆమె వినిపించుకోలేదు. చివరికి కోమల, "తెల్దు టీచర్" అంది. అప్పుడు చీటీ ఇచ్చి, "శనివారం మధ్యాన్నం ఇంటికి రా. ఒక ఆట ఉండాది. ఒకరే ఆడేది" అని చెప్పి వెళ్ళిందట.

ఆ ఆట ఆమెకు ఎట్లా వచ్చిందో తర్వాత తెలిసింది. ఎప్పుడో క్లాసులో ఒక పిల్లవాడు బెంచీ కింద ఏదో పుస్తకం పెట్టుకుని చదువుతుంటే లాక్కుంది. ఇంగ్లీషులో ఉన్న ఆట నియమాల పుస్తకం. ఏడాది చివర్లో ఇచ్చేస్తానని చెప్పి బీరువాలో పెట్టింది. ఇచ్చే ముందు ఇందులో ఏముందో చూద్దామని తెరిచింది. "వాడు అడగలే. నేను ఇయ్యలే" అనేది ఆ పుస్తకం చూపించి. లోపలి పేజీలో ఆ పిల్లవాడి పేరు, సెక్షను ఇంకా ఉన్నాయి. పుస్తకంలో ఆటకు నలుగురైదుగురు కావాలని ఉంది. ఆమె ఆ పేజీ మీద ఎర్ర సిరాతో అడ్డంగా గీత కొట్టింది.

వారానికి ముగ్గురో నలుగురో ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పూట. ఒకరి కథ ఇంకొకరికి తెలియదు. కోమలకు శనివారం మధ్యాహ్నం, రెండు నుంచి నాలుగు.

మొదటి కొన్ని వారాలు బస్సులో వెళ్ళింది. తర్వాత ఒకసారి నేను బండి మీద దిగబెట్టాను. మగ్గాల వీధిలో రెండు గదుల ఇల్లు, ముందర తిన్నె. టీచరమ్మ గడపలో నిలబడి నన్ను తేరిపార చూసింది. పొట్టి మనిషి. కొంగు ముడిలో సుద్దముక్క దోపుకుని ఉంది, రిటైరై అన్నేళ్ళయినా.

"నువ్వు ఆడించేవాడివంట గదా. కూచో నాయనా" అని తిన్నె చూపించి, కోమలను లోపలికి తీసుకెళ్ళి తలుపు వేసింది.

తిన్నె మీద కిటికీ ఉంది. వినాలని కూర్చోలేదు, మొదట్లో. వీధిలో మగ్గాల చప్పుడు. లోపల టీచరమ్మ ఏదో అడిగింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. చెనక్కాయలు వలుస్తున్న చప్పుడు ఒకటే, టక్కు, టక్కు. ఆట ఆగిపోయిందేమో, ఇంక బయల్దేరవచ్చు అనుకుంటూ లేవబోయాను. అప్పుడు లోపల ఒక ఆడమనిషి గట్టిగా మాట్లాడింది.

"పడవ నాది. ఏరు దాటేదాకా నీ దొరతనం ఒడ్డు మీద పెట్టి ఎక్కు. ఇష్టం లేకుంటే ఈదుకుంటా పో."

లోపల మూడో మనిషి ఎవరున్నారా అనుకున్నాను. ఇంకో మాట విన్నాక తెలిసింది. అది కోమల గొంతు. పన్నెండేళ్ళ కాపురంలో నేనెన్నడూ వినని గొంతు. నా పదకొండు గొంతుల్లో అట్లాంటిది ఒక్కటి లేదు. ఇంత మాట్లాడే మనిషి నా బల్ల దగ్గర ఎందుకు మాట్లాడదు?

నాలుగు కాగానే, లోపల పడవ నడి ఏట్లో సుడిలో పడి ఉండగా, టీచరమ్మ వాక్యం మధ్యలో ఆపేసి "గంట కొట్టినారు, లెయ్" అంది. ఏ గంటా మోగలేదు. బయటికి వస్తూ పలక తుడుస్తోంది. ఆమె ఆట పటమంతా ఆ పలక మీదే. ఒక వంకర గీత ఏరు, ఒక చుక్క పడవ, పక్కన తమిళ అక్షరాల్లో రాసుకున్న తెలుగు మాటలు రెండు. తెలుగు మాట్లాడేదే గానీ రాయడం రాదు. మా పాలారు ఏట్లో చూస్తే ఇసుక, వాళ్ళ పలక మీద ఏరు రెండు ఒడ్లా నిండి పారేది. తడిబట్టతో ఒక్క తుడుపు తుడిచి, మళ్ళీ శనివారం అంతా తలలోంచే గీసేది.

దారిలో కోమలను అడిగాను. "ఏం ఆడినారు?"

"ఊరికే బావా."

ఆ రోజు నుంచి నేనే దిగబెట్టడం మొదలుపెట్టాను. పెళ్ళాన్ని బస్సులో కూడా పంపడు, ఎంత ప్రేమో చూడండి అని మా అమ్మ వీధిలో చెప్పుకుంది. నిజానికి ప్రతి శనివారం ఆ కిటికీ కింద కూర్చుని, పొరుగింటి పుల్లకూర రుచి ఏమిటో కనిపెట్టాలని చెవులు రిక్కించాను.

కనిపెట్టిందేమిటంటే, ఏమీ లేదు. ఆమె గొంతులు మార్చదు. దొర మాట్లాడినా, దొంగ మాట్లాడినా, చచ్చిపోతున్న ముసలిది మాట్లాడినా ఒకే పాఠం చెప్పే గొంతు. అయినా ఎవరు మాట్లాడుతున్నారో తెలిసిపోయేది. వర్ణన రెండు ముక్కలు. "ఒడ్డున ఒకాయన. చెప్పుల్లేవు." అంతే. పాచికలు కూడా వాళ్ళమ్మమ్మ దాయాలు, రెండు ఇత్తడి కడ్డీలు. నేను ఆన్‌లైన్‌లో తెప్పించిన ఇరవై ముఖాల పాచికల పక్కన పెడితే నవ్వొస్తుంది. నిలబడి అనాల్సిన మాట కూర్చుని అంటే ఒప్పుకునేది కాదు. "పడవలో కూచొని తెడ్డేస్తావా? లెయ్" అనేది. కోమల లేచి నిలబడేది. తర్వాత "ఇప్పుడేం జేస్తావు?" అని అడిగేది. అడిగి, చెనక్కాయలు ముందుకు లాక్కునేది. వలిచి ఒక గింజ తన నోట్లో, ఒక గింజ కోమల ముందర. జవాబు వచ్చేదాకా ఇంకో మాట ఉండదు. ఒకసారి వాచీ పెట్టుకుని చూశాను. పదకొండు నిమిషాలు ఆగింది. నా బల్ల దగ్గర నేను పదకొండు క్షణాలు ఆగలేను. ఎవరైనా ఆలోచిస్తుంటే నేనే ఒక పిడుగో, ఒక గూఢచారో తెచ్చి ఆ ఖాళీలో పడేస్తాను.

ఒకనాడు సిగ్గు విడిచి, "నాకూ ఒకసారి ఆడించండి టీచరమ్మా" అన్నాను. ఆమె ఏమీ అనుకోకుండా సోమవారం రమ్మంది. సెలవు పెట్టి పోయాను.

"నువ్వు ఎవరు?" అంది పలక ముందర పెట్టుకుని.

నేను రెండు రాత్రులు కూర్చుని తయారు చేసుకున్న పాత్ర. వెలివేసిన రాజకుమారుడు, శాపం, పోగొట్టుకున్న కత్తి. కొండంత రాగం తీశాను. ఆమె అంతా విన్నది.

"ఇప్పుడు యాడ ఉండావు?"

"కోట బురుజు మీద."

"చలిగా ఉండాదా?"

"ఉంది. ఉత్తర దేశపు గాలి, దానికొక చరిత్ర ఉంది..."

"గాలికి గాదప్పా. నీకు. నీకు చలిగా ఉండాదా?"

అలవాటు కొద్దీ పక్కకు చూశాను. అక్కడ గోడ ఉంది. ఆమె చెనక్కాయ వలవడం ఆపింది.

"ఎవర్ని వెతుకుతా ఉండావు?"

"ఎవర్నీ లేదే."

"నువ్వు బాగా చెప్తావు నాయనా. నేనంత బాగా చెప్పలేను. అయితే నీకు చూసేదానికి నలుగురు గావల్ల" అంది. ఎత్తిపొడుపు కాదు. జవాబు తప్పు వచ్చిన చోట వేలు పెట్టి చూపించినట్టు అంది. అందుకే ఇంకా మండింది. గంట కొట్టకముందే ఇంటికి వచ్చేశాను.

ఆ మంటలోనే ఆ పని చేశాను.

కోమల కథలో ఏటికి అవతలి ఒడ్డున ఒక ఇల్లు ఉండేది. పచ్చ తలుపు. ఆ ఇంట్లో ఎవరూ లేరని ఊరంతా చెబుతారు, కానీ పొద్దు వాలేటప్పుడు లోపల ఎవరో నేస్తున్నట్టు మగ్గం చప్పుడు వినిపిస్తుంది. కోమల ఏడాదిగా ఆ తలుపు చుట్టూ తిరుగుతోంది. పడవ కట్టి, తలుపు దాకా పోయి, చెవి ఆనించి విని, తిరిగి వచ్చేస్తుంది. టీచరమ్మ ఒక్కనాడూ తొందరపెట్టలేదు. కిటికీ కింద నాకు మాత్రం ప్రాణం పోయేది. ఆ తలుపు ఎంత బలమైనదో ఒక ఆడించేవాడిగా నాకు తెలుసు. నా ఫైళ్ళన్నీ వెతికినా అట్లాంటి తలుపు దొరకదు.

ఒక ఆదివారం నా బల్ల మీద ఆట చప్పగా సాగుతోంది. ఒకడు ఫోను చూసుకుంటున్నాడు. నాకు రోషం వచ్చింది. "ఏటి అవతల ఒక ఇల్లు" అన్నాను. "పచ్చ తలుపు. లోపల ఎవరో నేస్తున్న చప్పుడు."

ఫోను పక్కన పడింది. నలుగురూ ముందుకు వంగారు. నేను కోమల వైపు చూడలేదు. ఒకడు, "తంతాను తలుపును" అన్నాడు, పాచిక వేశాడు. ఇరవై పడింది. తలుపు విరిగింది. లోపల ఏముందని అందరూ ఒకేసారి అడిగారు. నేనేమీ ఆలోచించి పెట్టుకోలేదు. "ఏడు తలల పాము" అన్నాను. పావుగంటలో చంపేశారు. బల్ల చరిచారు, ఈలలు వేశారు. ఆ రోజు నా ఆట బ్రహ్మాండంగా ఉందన్నారు.

కోమల తన పాచికలు తీసి డబ్బాలో పెట్టి, డబ్బా మూత పెట్టింది.

"ఆ తలుపు నాది" అంది.

అంతే. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. స్నేహితులకు అర్థం కాలేదు. నేను తేలు కుట్టిన దొంగలాగా కూర్చున్నాను. ఆ తర్వాత మా బల్ల దగ్గరికి కోమల మళ్ళీ రాలేదు. ఆ వచ్చే శనివారం గుడియాత్తం కూడా పోలేదు. గుడ్డలు మడతపెట్టుకుంటూ కూర్చుంది. నాతో మాట్లాడిందా అంటే మాట్లాడింది, పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అన్నట్టు.

ఇంక తప్పక నేను ఒక్కణ్ణే పోయాను. టీచరమ్మ తిన్నె మీదే కూర్చుని ఉంది. జరిగింది చెప్పాను. ఒక చేట నిండా చెనక్కాయలు తెచ్చి మా ఇద్దరి మధ్యా పెట్టింది.

"కిటికీ కింద కూచొని వినింది నాకు తెల్సులే. నీ తల కిటికీలో కనిపిస్తా ఉండె" అంది. "లోపల ఏం పెట్టినావు?"

"పాము."

"ఎన్ని తలలు?"

"ఏడు."

ఆమె నవ్వింది. కొంగుతో కళ్ళు తుడుచుకునేంత నవ్వింది. "ఒక తలకే భయపడాల గదప్పా. ఏడు పెడితే లెక్కబెట్టుకుంటా కూచుంటారు."

నాకూ నవ్వు వచ్చి ఉండాల్సింది. రాలేదు. నాకు ఇంకా ఒక్కటే ఆరాటం. అంత తప్పు చేసి వచ్చి కూడా అదే అడిగాను. "మీరేం పెట్టినారు టీచరమ్మా, ఆ తలుపు వెనక?"

"ఏం పెట్టలే."

"అంటే?"

"నాకు తెల్దు నాయనా. ఆ పిల్ల తెరిచిన్నాడు తెలుస్తాది."

ఆమె ముఖం చూశాను. దాపరికం లేదు. ఏడాదిగా ఆ ఇంట్లో మగ్గం నేయిస్తోంది. నేసేది ఎవరో ఆమెకే తెలియదు.

"తెరవకపోతే?"

"అయితే నేనూ చూడను."

కాసేపు కాయలు వలిచింది. తర్వాత, నేను అడగకుండానే చెప్పింది. "ఎనిమిదో క్లాసులో ఆ పిల్లను ఒక లెక్క అడిగినాను. లేసి నిలబడింది. నోట్లోనే ఉండె జవాబు, నాకు కనిపిస్తా ఉండె. అది వచ్చేలోగా పక్కదాన్ని లేపినాను. నలబై మంది ఉండారు గదా, యాడ ఆగేది? ముప్పై ఏండ్లు అదే పని జేసినాను. ఎన్ని జవాబులు నోట్లోనే పెట్టుకొని కూచున్నారో." గింజ మీద పొట్టు ఊదింది. "ఈ సంగతి ఆ పిల్లకు చెప్పొద్దు. తలుపు వెనక నేనేం పెట్టలేదని తెలిస్తే ఇప్పుడే బెదురుతాది. నేనుండేదాకా చెప్పొద్దు. ఆ పైన నీ ఇష్టం."

సరేనన్నాను. లేస్తుంటే, "కాయలన్నీ నేనే వలిచినాను, నువ్వొక్కటన్నా వలిచినావా?" అంది.

ఆమె కోమలకు ఫోను చేసి ఏం చెప్పిందో తెలియదు. తర్వాతి శనివారం కోమల బస్సెక్కింది. నన్ను దిగబెట్టవద్దంది. కానీ ఆ పచ్చ తలుపు దగ్గరికి మాత్రం ఏడాదిన్నర పోలేదని ఈమధ్యే చెప్పింది. పడవ అటు తిప్పగానే ఈలలు వినిపించేవట. నా ఏడు తలల పాము ఆ ఒడ్డున అంతకాలం పడుకుంది.

మొన్న ఒక శనివారం కోమల గుడియాత్తం నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ, "ఒడ్డుకు పోయినాను బావా. తలుపు మీద చెయ్యి పెట్టినాను. నాలుగయింది. వచ్చే శనివారం తెరుస్తాను" అంది. మూడేళ్ళలో ఆ ఆట గురించి నాకు తనంతట తాను చెప్పిన మొదటి మాట. కళ్ళు మెరుస్తున్నాయి. సంతోషించాలి కదా. అంత మెరుపు నేనెన్నడూ తెప్పించలేదే అని కుళ్ళుకున్నాను.

గురువారం టీచరమ్మ నిద్రలోనే పోయింది.

కోమల కౌంటరులో ఉండగా ఫోను వచ్చింది. వరుసలో ఉన్న చివరి మనిషికి మాత్రలిచ్చి, వేళ్ళతో చూపించి పంపి, అప్పుడు షట్టరు పక్కన కూర్చుందట. ఇద్దరం పోయాం. ఆమె మరదలు పలకనూ దాయాలనూ తెచ్చి కోమల చేతిలో పెట్టి, "నీకిమ్మని ఎప్పుడో చెప్పినాది" అంది. పలక శుభ్రంగా తుడిచి ఉంది. దారి పొడుగునా కోమల దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంటికి వచ్చాక ఒకటే మాట.

"ఆ తలుపు వెనక ఏముండాదో ఆమెతోనే పాయ."

అప్పుడే చెప్పాలి. నోటి దాకా వచ్చింది. చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదో కూడా రాస్తాను. తలుపు వెనక ఏదో దాచి, చెప్పకుండా పోయిన మనిషి అంటే కోమలకు ఆమె మీద కాస్త కోపం వస్తుంది. కోపం వస్తే కొంచెం నా పక్కకు జరుగుతుంది. అసలు ఏమీ దాచలేదు, మూడేళ్ళు నీ కోసమే ఆగింది అని చెబితే, చచ్చిపోయిన ఆమె కొండంత అవుతుంది. బతికి ఉన్న నేను ఏడు తలల పాముతో కింద ఉంటాను. నా దగ్గర ఫైళ్ళున్నాయి, పటాలున్నాయి. కావాలంటే ఆ తలుపు వెనక నేనే అద్భుతంగా ఏదైనా పెట్టి, టీచరమ్మ నాతో చెప్పింది అని అనవచ్చు. ఒక రాత్రి అదీ ఆలోచించాను. నేత నేసే దెయ్యాన్ని ఒకదాన్ని తయారు కూడా చేశాను. బాగానే వచ్చింది.

కోమల రోజూ పలక తీసి చూసి, మళ్ళీ బీరువాలో పెట్టేది. మాట మళ్ళీ తగ్గింది. ఆ గొంతు, దొరను ఒడ్డు మీద నిలబెట్టిన గొంతు, లోపలికి వెళ్ళిపోతోంది. నా కళ్ళ ముందరే పోతోంది. బస్టాపులో నా చేతిలో చెనక్కాయ ఆగిపోయింది ఆ రోజుల్లోనే.

ఆ తర్వాతి శనివారం మధ్యాహ్నం రెండింటికి ఒక గిన్నె నిండా చెనక్కాయలు తెచ్చి కోమల ముందర కూర్చున్నాను. పలక మా మధ్య పెట్టాను. టీచరమ్మ తిన్నె మీద చెప్పిందంతా చెప్పాను. ఎనిమిదో క్లాసు లెక్క సంగతి కూడా. ఒక్క ముక్క మింగలేదు.

"ఏం పెట్టలేదా?" అంది కోమల.

"ఏం పెట్టలేదు. నువ్వు తెరిచిన్నాడు తెలుస్తాది అనింది."

కోమల పలక వైపు చూస్తూ ఉండిపోయింది. నా దగ్గర చెప్పడానికి మూడు మాటలు సిద్ధంగా ఉన్నాయి, ఒకదాన్ని మించింది ఒకటి. నోరు మూసుకున్నాను. "ఇప్పుడేం జేస్తావు?" అని మాత్రం అడిగి, ఒక కాయ తీసుకున్నాను. వలిచి, ఒక గింజ నా నోట్లో, ఒక గింజ ఆమె ముందర. ఇంకొకటి. ఇంకొకటి. ఎంతసేపో వాచీ చూడలేదు. నాలుక కొరుక్కుంటూ కూర్చోవడం అంత కష్టమని నాకు తెలియదు. వీధిలో ఐస్ బండి పోయింది, మా అమ్మ ఒకసారి తొంగి చూసి వెళ్ళిపోయింది.

కోమల లేచి నిలబడింది.

"తెరిచినాను" అంది.

లోపల ఏముందో రెండు గంటలు చెప్పింది. నేసేది ఎవరో చెప్పింది. అది నేను ఇక్కడ రాయను. ఒకసారి విన్నదాన్ని బల్ల మీద పెట్టి పోగొట్టాను, చాలు. అది నా దెయ్యం కంటే ఎంత గొప్పగా ఉందో మాత్రం చెప్పగలను.

ఆ రెండు గంటలూ కోమల నా వైపు చూడలేదు. నా భుజం పక్కన, కాస్త కిందుగా, ఒక పొట్టి మనిషి కూర్చుంటే ముఖం ఎక్కడ ఉంటుందో అక్కడ చూస్తూ చెప్పింది. నాకు కడుపు మండింది. కాయలు వలుస్తూనే ఉన్నాను.